మూడువందల పన్నెండు కాళ్ళు

వర్క్‌షాపు, ముందు గది
ఫిబ్రవరి 24

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం చూసి మురిసిపోకు. నీతో మాట్లాడితే మనిషిని కానని రెండేళ్ళ కిందట నీ మొహం మీదే అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. రాయనని మాత్రం అనలేదు, అందుకే రాస్తున్నాను. ఫోను చేయకు, ఎత్తను. మీ బావ చేత చెప్పిద్దామనుకుంటే, "అక్కాతమ్ముళ్ళ మధ్య రాయబారాలు నా వల్ల కాదు, కావాలంటే స్టాంపులు తెచ్చిపెడతాను" అన్నాడు. తెచ్చాడు కూడా, ఓ యాభై. మన గొడవ ఎంతకాలం సాగుతుందో ఆయనకు మనకంటే బాగా తెలిసినట్టుంది.

విషయమేమిటంటే, వర్క్‌షాపులో కంప్యూటరు చచ్చింది. ఆన్ చేస్తే నీలం తెర వస్తుంది, అక్కడే నిలబడుతుంది.

నా పనేమిటో నీకు తెలుసు. అయినా నువ్వు ఇక్కడున్న మూడు నెలల్లో నేర్చుకున్నది మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముంటుందో మాత్రమే కాబట్టి మళ్ళీ చెప్తున్నాను. కాలు పోయినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. తీసేయగా మిగిలిన కాలి ముక్క ఆకారాన్ని కెమెరాతో తీసి కంప్యూటరులో పెడతాను. ఎముక ఎక్కడ ఒత్తుకుంటుందో, చర్మం ఎక్కడ పలచగా ఉందో చూసి ఆ ఆకారాన్ని దిద్దుతాను. దిద్దినదాన్ని మిషను అచ్చుగా చెక్కుతుంది. దాని మీద సాకెట్ పోస్తాం. సాకెట్ అంటే మిగిలిన కాలు దూరే గిన్నె. అది కుదిరితే మనిషి నడుస్తాడు, కుదరకపోతే పుండు పడుతుంది. పదకొండేళ్ళలో మూడువందల పన్నెండు కాళ్ళు దిద్దాను. అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. కాపీ తీసి పెట్టుకోమని నువ్వు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు, నిజమే. నువ్వు చెప్పావనే తీయలేదు.

సిటీ బస్సు కండక్టరమ్మ గుర్తుందా? నువ్వు మా ఇంట్లో తిని పడుకోవడం చూసి నీకు "టికెట్ లేని ప్రయాణికుడు" అని పేరు పెట్టిందే, ఆవిడ. ఆవిడ సాకెట్ పగిలింది. మే ఆరున డిపోలో ఆవిడకు పరీక్ష ఉంది. బస్సు మెట్లు ఎక్కాలి, దిగాలి, నడుస్తున్న బస్సులో గంటసేపు నిలబడాలి. తప్పితే బస్సు ఎక్కనివ్వరు, ఎక్కడో మూల కుర్చీలో కూర్చోబెడతారు. ఆవిడ కాలు కుదరడానికి అప్పట్లో ఐదుసార్లు దిద్దాను, నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు రెండు నెలలే ఉంది. ఆ ఐదోసారి దిద్దిన ఆకారం నాకు కావాలి.

ఏం నొక్కాలో రాయి. ఉపన్యాసం అక్కర్లేదు.

అక్క


లైబ్రరీ, నేలమాళిగ
మార్చి 2

అక్కా,

ఉపన్యాసం లేకుండా ఉత్తరం రాయమంటే వేళ్ళు కదలడం లేదు. కొంచెం ఓర్చుకో.

నేను ముట్టుకున్నది ఏదీ బతకదని, కండక్టరమ్మ ఎదుట, ఇంకో ఇద్దరి ఎదుట అన్నావు. నీ చెక్కే మిషను నా చేతిలో రెండు రోజులు ఆగిన మాట వాస్తవమే. ఇప్పుడేమో ముట్టుకోకుండా బతికించమంటున్నావు. ఇలాంటి వైద్యం నేనెక్కడా చదవలేదు, అయినా ప్రయత్నిస్తాను.

"నీలం తెర" అని రాశావు. ఈ లైబ్రరీలో తొంభై కంప్యూటర్లు నా నెత్తిన ఉన్నాయి. చెడిపోయిన ప్రతిదాని ముందూ ఒక పెద్దమనిషి నిలబడి ఇదే చెప్తాడు, నీలంగా ఉందండీ అని. ఆకాశం కూడా నీలంగానే ఉంటుంది, దాన్ని ఎవరూ రిపేరుకు తీసుకురారు.

ముందు ఇది చెప్పు. పెట్టె ఎవరైనా విప్పారా? లోపల ఏదైనా మార్చారా? మార్చి ఉంటే, తీసేసిన వస్తువు ఎంత పనికిరానిదిగా కనిపించినా పారేయనివ్వకు. ఇది చాలా ముఖ్యం.

ఇక చేయాల్సింది. కంప్యూటరు ఆన్ చేయి. తెర వెలగగానే మీట గట్టిగా నొక్కిపట్టి ఆపేయి. ఇలా మూడుసార్లు. నాలుగోసారి అదే భయపడి రిపేరు పేజీలోకి వెళ్తుంది. అక్కడ స్టార్టప్ రిపేర్ అని ఉంటుంది, దాన్ని నొక్కి చేతులు కట్టుకుని కూర్చో. మధ్యలో "అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టనా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. నువ్వు ఎవరి మర్యాదకూ లొంగే మనిషివి కాదు కాబట్టి నాకు ఆ భయం లేదు.

కండక్టరమ్మకు టికెట్ లేని ప్రయాణికుడి నమస్కారాలు చెప్పు.

ముట్టుకోని తమ్ముడు


వర్క్‌షాపు, ముందు గది
మార్చి 8

ఒరేయ్,

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. పుట్టాక ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి కూడా. మూడుసార్లు ఆపాను. నాలుగోసారి రిపేరు పేజీ వచ్చింది. నొక్కాను. "మీ కంప్యూటరును పరీక్షిస్తున్నాం" అంటూ చుక్కలు గిరగిరా తిరిగాయి. ఆ చుక్కల వంక చూస్తూ ముప్పావుగంట కూర్చున్నాను, ఈ లోపల ఇద్దరి కాళ్ళకు పట్టీలు మార్చేదాన్ని. చివరికి రిపేరు చేయలేకపోయామని చేతులెత్తేసింది. అచ్చం నీలాగే, ముందు అంత హడావుడి, తర్వాత ఇంత చావుకబురు.

పెట్టె నేను విప్పలేదు. నాకేం పని లేదనుకున్నావా?

కండక్టరమ్మ నిన్న వచ్చింది. పగిలిన సాకెట్‌కు చుట్టూ బెల్టు బిగించి నడుస్తోంది. వచ్చి కూర్చుని అడిగింది.

"నా కాలేదండీ?"

"కంప్యూటరులో ఉంది."

"ఎప్పుడు దిగుతుంది?"

"మా తమ్ముడు ఉత్తరం రాయాలి."

"ఉత్తరమేంటండీ? ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"మేం మాట్లాడుకోం."

"ఆ రోజు గొడవ ఇంకా తీరలేదా? అసలేం జరిగిందండీ?"

"అదో పెద్ద కథలే."

"చెప్పండి, నా స్టాపు రావడానికి ఇంకా టైముంది" అని బ్యాగు ఒళ్ళో పెట్టుకుని సర్దుకుంది. నేను కథ మొత్తం చెప్పాను. విని ఆవిడ అన్నదేమిటో తెలుసా? "ఇంతేనా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఏం చేయాలో రాయి.

అక్క


లైబ్రరీ, నేలమాళిగ
మార్చి 14

అక్కా,

కండక్టరమ్మ తీర్పు బాగుంది. పైకోర్టుకు వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

నువ్వు రాసిన దాంట్లో ఒకటి అతకడం లేదు. దానంతట అది చెడిపోతే రిపేరు కొంచెమైనా ముందుకు సాగాలి. నీది అసలు డిస్కునే చూడనట్టు ప్రవర్తిస్తోంది. మన బంధువుల్లో కొందరు పెళ్ళిలో మనల్ని చూసీ చూడనట్టు పక్కకు తిరుగుతారే, అలా. దీనికి ఏదో కారణం ఉండాలి. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. "నేను విప్పలేదు" అన్నావు. నేను అడిగింది నువ్వు విప్పావా అని కాదు, ఎవరైనా విప్పారా అని.

ఇంకో పని చేయి. ఆన్ చేసిన దగ్గర్నుంచి తెర మీద కనిపించే ప్రతి అక్షరాన్నీ చూసి రాసి పంపు. నీకు అనవసరమనిపించినవి కూడా. నీకు అనవసరమనిపించినవి ముఖ్యంగా. రంగులు వద్దు.

తమ్ముడు


వర్క్‌షాపు, ముందు గది
మార్చి 20

ఒరేయ్ వకీలూ,

నేను విప్పలేదని ఒకసారి చెప్పాను. వినపడకపోతే ఆ నేలమాళిగలోంచి కాస్త పైకొచ్చి చదువుకో.

నువ్వు అడిగినట్టే ప్రతి అక్షరం రాస్తున్నాను. రిపేరుకు ముందు ప్రతిసారీ ఒక పేజీ వస్తుంది. "ఈ డ్రైవుకు రికవరీ కీ ఇవ్వండి" అని ఉంటుంది. దాని కింద ఒక పొడుగాటి గడి. నలభై ఎనిమిది అంకెలు వేయాలట. నలభై ఎనిమిది! నాకు మీ బావ ఫోను నంబరే గుర్తుండదు. అడుగున చిన్న అక్షరాల్లో "ఈ డ్రైవును వదిలేయండి" అని ఉంది. హమ్మయ్య అనుకుని రోజూ దాన్నే నొక్కుతున్నాను. ఆ తర్వాతే నీ రిపేరు, ఆ చుక్కలు, ఆ చావుకబురు.

ఇది ముందే చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు అడగలేదు కదా అంటాను నేను. ఆ ముక్క దాటేశాం, పని చూడు.

ఆ అంకెలు ఎక్కడ దొరుకుతాయి? నేనైతే ఏ తాళమూ వేయలేదు. కండక్టరమ్మకు ఇంక నలభై ఏడు రోజులే ఉంది. నిన్న మెట్ల మీద తూలింది, రెయిలింగు పట్టుకుని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

త్వరగా రాయి.

అక్క


లైబ్రరీ, నేలమాళిగ
మార్చి 27

పూజ్యురాలైన అక్కగారికి మీ తమ్ముడు నమస్కరించి రాయు విషయాలు.

మేమిక్కడ కులాసా. మీరూ, బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. మీరు ఎంతో శ్రద్ధగా ప్రతి అక్షరం రాసి పంపినందుకు కృతజ్ఞుణ్ణి.

ఆ అంకెల గురించి మీరు కంగారు పడవద్దు. ఇలాంటివి సాధారణంగా జరుగుతూనే ఉంటాయి. ముందుగా కంప్యూటరు వైర్లన్నీ తీసి, ఒక వారం పాటు దాన్ని కదపకుండా విశ్రాంతిగా ఉంచండి. లోపల దుమ్ము ఉంటే మెత్తటి కుంచెతో దులపవచ్చు. ఆ తర్వాత మరొకసారి రిపేరు ప్రయత్నించి ఫలితం తెలియజేయగలరు. ఈలోగా నేనూ ఇక్కడ కొందరిని విచారిస్తాను.

ఒకవేళ, ఒకవేళ మాత్రమే, పాత బోర్డు లాంటిదేదైనా ఎక్కడైనా ఉంటే దయచేసి భద్రపరచగలరు. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్న ప్రశ్నలు నేను వేయను.

కండక్టరమ్మగారిని మెట్లు జాగ్రత్తగా దిగమని చెప్పగలరు.

ఇట్లు
మీ విధేయుడైన తమ్ముడు


వర్క్‌షాపు, ముందు గది
ఏప్రిల్ 3

ఒరేయ్,

నీ ఉత్తరం మొదటి లైను చదివి ఎవరో పోయారనుకున్నాను. మీ బావ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎవరట?" అన్నాడు.

బుద్ధి తెలిశాక నువ్వు నన్ను "మీరు" అన్నది ఒక్కసారే. నా సైకిలు గోడకు గుద్ది చక్రం వంకర చేసి, దాన్ని మంచం కింద దాచిన రోజు. "అక్కయ్యగారూ, మీకు మంచినీళ్ళు తెమ్మంటారా?" అన్నావు. మంచినీళ్ళు తాగకుండానే మంచం కింద చూశాను నేను. ఇప్పుడు నీ నేలమాళిగలో ఏ మంచం కింద చూడాలో చెప్పు. కంప్యూటరుకు వారం విశ్రాంతట! బాలింతనుకున్నావా దాన్ని?

ఇంకో సంగతి. బోర్డు మార్చారని నీకు తెలిసిపోయింది. తెలిసీ నా మీద ఒంటికాలి మీద లేవలేదు. నాకు అదే భయంగా ఉంది. నేను దొరికిపోతే నువ్వు వదిలిపెట్టే రకం కాదు.

సరే, నాది నేను చెప్తాను. ఫిబ్రవరి పంతొమ్మిదిన కంప్యూటరు ఆగింది. అప్పుడప్పుడూ వెలుగుతోంది, అప్పుడప్పుడూ లేదు. రెండు వీధుల అవతల ఒక రిపేరు కొట్టుంది. దాని ఓనరును మా వీధిలో సర్వజ్ఞుడంటారు. ఏం చెప్పినా "తెలుసండీ" అంటాడు. అతనొచ్చి పెట్టె విప్పి మదర్‌బోర్డు పోయిందని కొత్తది వేశాడు. అప్పుడే ఆ నీలం తెర వచ్చింది. అతనూ రిపేరు నొక్కి చూసి, "మొత్తం తుడిచేస్తే కొత్తదానిలా పరిగెడుతుంది మేడం" అన్నాడు. పెట్టె లాక్కుని అతన్ని బయటికి పంపాను. నేను విప్పలేదన్నది నిజమే. విప్పుతుంటే టార్చి పట్టుకున్నాను, అంతే.

నీకెందుకు చెప్పలేదో కూడా రాస్తాను. "నాకు చెప్పకుండా ఎవరి చేతా విప్పించొద్దు" అని నువ్వు అప్పట్లో చెప్పి ఉన్నావు. నీ చేత "నేను చెప్పలేదా?" అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నీ ఉత్తరం అందగానే సర్వజ్ఞుడి దగ్గరికి పరిగెత్తాను. పాత బోర్డు నెలరోజులకు పైగా అతని బల్ల కిందే ఉందట. ఇరవై ఎనిమిదిన పాత సామాన్ల లారీ వస్తే అందులో వేశాడు. "మీరు అడగలేదు కదా మేడం" అన్నాడు. పారేయనివ్వకు అని నువ్వు మార్చి రెండునే రాశావు. నేను రెండు వీధులు నడవలేదు. ఇది నా తప్పు. రాశాను కదా, మళ్ళీ మళ్ళీ చదువుకుని ఆనందపడకు.

ఇప్పుడు నీ వంతు. ఆ తాళం ఎవరు వేశారు?

అక్క


లైబ్రరీ, నేలమాళిగ
ఏప్రిల్ 9

అక్కా,

తాళం వేసింది నేనే.

నువ్వు వర్క్‌షాపు తాళాలు కిటికీలో వదిలేసి వెళ్ళేదానివి. ఎవరైనా ఆ పెట్టె ఎత్తుకుపోతే మూడువందల మంది ఒంటి కొలతలు బజారున పడతాయని అనిపించింది. అడిగితే నా కంప్యూటరు ముట్టుకోకు అంటావని నీకు చెప్పకుండా వేశాను. అది ఆ బోర్డును గుర్తుపట్టి తనంతట తనే తెరుచుకునే తాళం, అందుకే నీకు రెండేళ్ళు తెలియలేదు. బోర్డు మారితే మాత్రం ఆ నలభై ఎనిమిది అంకెలు అడుగుతుంది. పాత బోర్డు ఉంటే, దాన్ని ఒక్కసారి వెలిగించగలిగినా తెరుచుకునేది. నా ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను.

ఆ అంకెల్ని ఫొటో తీసి ఫోనులో నీ పేరు మీద దాచాను. నువ్వు నన్ను అందరి ఎదుటా ఆ మాట అన్న రోజు, బస్సులో కూర్చుని, నీ పేరు మీద ఉన్న ప్రతిదీ ఫోనులోంచి తీసేశాను. నంబరు, సందేశాలు, ఫొటోలు. అందులో ఆ అంకెలు కూడా పోయాయి. నాకు గుర్తు కూడా రాలేదు.

నువ్వు మార్చి ఇరవైన రాసిన ఉత్తరం చదవగానే నాకు అంతా అర్థమైంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా దుమ్ము దులపమన్నాను, విశ్రాంతి ఇవ్వమన్నాను, సిగ్గు లేకుండా. ఈలోగా ఎక్కడెక్కడ వెతకాలో అన్నిచోట్లా వెతికాను. దొరకలేదు. ఆ అంకెలు లేకపోతే ఆ తాళాన్ని తయారుచేసినవాళ్ళు కూడా తీయలేరు. నీ మూడువందల పన్నెండు కాళ్ళు పోయాయి అక్కా.

నేను ముట్టుకున్నది ఏదీ బతకదని నువ్వన్న మాట నిజమైపోతుందని భయపడ్డాను. అందుకే దాచాను. దాచి కండక్టరమ్మకు రెండు వారాలు లేకుండా చేశాను.

తమ్ముడు


వర్క్‌షాపు, వెనక గది
ఏప్రిల్ 14

ఒరేయ్,

నిన్న ఫోనులో ఇరవై నిమిషాలు తిట్టాను. సరిపోలేదు, అందుకని ఈ ఉత్తరం. నేను ఒట్టు తప్పానని సంబరపడతావేమో. నువ్వు ఒక్క మాట కూడా తిరిగి అనలేదు కాబట్టి అది మాట్లాడుకోవడం కిందికి రాదు. నంబరిచ్చిన మీ బావే ఈ తీర్పు కూడా ఇచ్చాడు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఏడ్చాను కూడా. పదకొండేళ్ళ పని రా. ఒక్కొక్క కాలూ నాకు మొహంలా గుర్తుంటుంది. గుర్తుండి ఏం లాభం, గుర్తున్నదాన్ని మిషను చెక్కదు.

కండక్టరమ్మను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ తాళం, నా టార్చి, లారీ, అన్నీ. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"బస్సులో ఇద్దరు సీటు కోసం కొట్టుకుంటే ఏం చేస్తానో తెలుసా?" అంది. "ఇద్దర్నీ దింపేస్తాను. మీ అక్కాతమ్ముళ్ళు కొట్టుకుని నన్ను దింపేశారు."

నేను తల దించుకున్నాను. నా వర్క్‌షాపులో, నా కుర్చీలో కూర్చుని తల దించుకున్నాను.

"సరేలెండి. ఇప్పుడు ఇరవై రెండు రోజులుంది. కాలు ఎలా చేస్తారో అది చెప్పండి" అంది.

చేత్తోనే చేయాలి. తడి ప్లాస్టరు పట్టీ కాలికి చుట్టి, ఆరేలోపల వేళ్ళతో నొక్కి ఆకారం పట్టాలి. మిషను వచ్చాక పదకొండేళ్ళుగా ఆ పని చేయలేదు. నిన్న ఒక కుర్చీ కాలికి చుట్టి చూశాను. కుర్చీ ఏమీ అనలేదు గానీ, నాకు మాత్రం సిగ్గేసింది. ఇవాళ మీ బావ మోచేతికి చుట్టాను. అది కాస్త నయం.

రేపు ఆవిడకు చుడతాను. నా చేతులు ఒప్పుకుంటాయో లేదో తెలియదు.

అక్క


లైబ్రరీ, నేలమాళిగ
ఏప్రిల్ 18

అక్కా,

ఫోనులో నేను మాట్లాడకపోవడానికి కారణం నీకు తెలియాలి. తిట్లకు జవాబు లేక కాదు. నీ గొంతు విని రెండేళ్ళయింది. మధ్యలో ఏదైనా అంటే పెట్టేస్తావేమోనని ఊరుకున్నాను. ఆ "దరిద్రుడా" అన్నచోట కొంచెం ఆగి దగ్గావు. మందు వాడుతున్నావా?

కండక్టరమ్మ అన్న మాట ఇక్కడ నా బల్ల మీద రాసి పెట్టుకున్నాను. ఆవిడకు వేరే ఉత్తరం రాశాను. అందులో వేళాకోళం ఒక్కటి కూడా పెట్టలేదు, చాలా కష్టమైంది.

నాకు ఇక్కడ సెలవులు పేరుకుపోయి ఉన్నాయి. నేను రానా?

తమ్ముడు


వర్క్‌షాపు, వెనక గది
మే 8

తమ్ముడూ,

నీ ప్రశ్నకు జవాబు ఇన్నాళ్ళు రాయలేదు. కోపంతో కాదు, చేతులకు ఖాళీ లేక. దగ్గు తగ్గింది.

జరిగింది వరసగా చెప్తాను. ఏప్రిల్ పదిహేనున ప్లాస్టరు చుట్టడానికి కండక్టరమ్మను సాకెట్ తీయమన్నాను. తీసింది. లోపల మేజోడు ఉంది, మామూలే. అది తీస్తే దాని కింద ఇంకొకటి. దాని కింద మూడోది. పట్టుకుని చూస్తే కాలు రెండేళ్ళలో బాగా సన్నబడిపోయింది. సాకెట్ ఎప్పుడో వదులైపోతే, మేజోళ్ళు కుక్కుకుని నడుస్తోంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని అరిచాను.

"ఎలా చెప్పమంటారు? ఐదుసార్లు దిద్దానని వచ్చిన ప్రతివాళ్ళకీ నా కాలు చూపించి మురిసిపోయేవారు. మీ మనసు కష్టపెట్టడం ఎందుకులే అనుకున్నా" అంది.

విన్నావా? నువ్వు దాచావు, నేను దాచాను, చివరికి ఆ తల్లి కూడా దాచింది. మనం రెండు నెలలు స్టాంపుల మీద స్టాంపులు తగలేసింది ఎందుకూ పనికిరాని ఆకారం కోసం. ఆ పెట్టె తెరుచుకుని ఉంటే నేను ఆవిడ కాలు వంక చూసేదాన్ని కూడా కాదు. కంప్యూటరులో ఉందిగా అని, రెండేళ్ళ కిందటి కాలికి సాకెట్ పోసి ఇచ్చేదాన్ని. ఆవిడ పరీక్షలో కుంటేది. మీ బావ ఇందులోంచి ఏదో నీతి తీయబోతే నోరు మూయించాను.

మొదటిసారి చుట్టింది పనికిరాలేదు. రెండోది లోపలి వైపు ఒత్తింది. మూడోది పెట్టుకుని ఆవిడ గది చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ వెళ్ళింది. అలా తొమ్మిదిసార్లు తిరిగింది. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. తర్వాత వచ్చి, ఒక్క మేజోడుతో కూర్చుని, మంచినీళ్ళు అడిగింది.

మొన్న పరీక్ష అయింది. బస్సు గంటంబావు తిప్పారట. పరీక్ష పెట్టిన ఆయన అరగంటకే నడుం పట్టుకుని సీట్లో కూలబడ్డాడట. ఆవిడ పక్కన నిలబడే ఉందట. నిన్నట్నుంచి మళ్ళీ బస్సు ఎక్కింది. నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. అక్షరాలు బాగున్నాయంది, అంతకుమించి ఏమీ అనలేదు.

దీంతో నీ తప్పు మాఫీ అయిందనుకోకు. నాదీ కాలేదు. ఒక్క కాలు గట్టెక్కింది, మూడువందల పదకొండు మిగిలాయి. అందరికీ కబురు పెడుతున్నాను. రండి, మళ్ళీ కొలుస్తాను, పాతవి నా నిర్లక్ష్యం వల్ల పోయాయి అని. "మా తమ్ముడి వల్ల" అని రాద్దామని చాలా అనిపించింది. రాయలేదు.

ఈసారి కాపీలు తీస్తాను, నువ్వే చెప్పినా సరే.

ప్లాస్టరు చుట్టేటప్పుడు ఇంకో మనిషి కావాలి. ఎదురుగా నేల మీద కూర్చుని, పట్టీ గట్టిపడేదాకా ఆ కాలును రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. ఇన్నాళ్ళూ మీ బావ పట్టుకున్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి, పైకి చెప్పడు. నీవి వణకవు. నిన్ను ఎన్ని తిట్టినా, నీ చేతులు వణుకుతాయని మాత్రం ఎప్పుడూ అనలేదు.

నువ్వు లేక ఈ గది రెండేళ్ళుగా బోసిగా ఉంది. ఇది రాయడానికి మన ఇద్దరివీ కలిపి పదకొండు ఉత్తరాలు పట్టింది.

మొదటి మనిషి పద్దెనిమిదో తారీకు ఉదయం పదింటికి వస్తానన్నాడు. పట్టీ తడిపాక నీకోసం ఆగడం కుదరదు, ముందురోజే వచ్చెయ్.

అక్క